ఫ్యూజు టోపీ మీద రాసి ఉన్నది

మీ సామాన్ల డబ్బాలో గాజు ఫ్యూజు ఒకటైనా ఉండే ఉంటుంది. రెండు సెంటీమీటర్ల పొడవు, రెండు చివరలా మెరిసే లోహపు టోపీలు, లోపల కంటికి ఆనీ ఆనని తీగ. దొరికితే చేతిలోకి తీసుకోండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఆ టోపీ మీద సన్నగా ఏదో చెక్కి ఉంటుంది. ‘టి 1ఎ ఎల్ 250వి’ అనో, ‘ఎఫ్ 500ఎంఎ ఎల్ 250వి’ అనో. మనం కొట్టుకెళ్లి "ఒక ఆంపియరు ఫ్యూజివ్వండి" అంటాం, కొట్టతను ఇస్తాడు. అక్కడ రాసిన నాలుగు సంగతుల్లో మనం అడిగింది ఒక్కటే. మిగతా మూడూ ఆయన చేతికి ఏది తగిలితే అది. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్లకి ఇవాళ నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ మిగతా మూడింటి గురించే. అంకెలు కొన్ని వస్తాయి, నిదానంగానే చదువుతాను. పెన్సిలూ కాగితం దగ్గర పెట్టుకుంటే మీకే సుఖం.

అసలు ఫ్యూజు దేన్ని కాపాడుతుంది? ఆంప్లిఫయర్ కట్టే కుర్రాణ్ణి అడిగితే "ఆంప్లిఫయర్‌ని" అంటాడు. కాదు. ఫ్యూజు కాపాడేది తీగని. తీగ ఎర్రగా కాలి, దాని పైతొడుగు అంటుకుని, ఆ మంట బల్లకీ పరుపుకీ పాకకుండా చూడటం దాని పని. ఇది ఒప్పుకుంటే తక్కినదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఒప్పుకోకపోతే ఫ్యూజు ఎంపిక ఎప్పటికీ గుడ్డిగానే సాగుతుంది.

ఒక లెక్క చూద్దాం. యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీ అందరికీ తెలుసు. బరువుగా, నల్లగా, ఏ హానీ చెయ్యనట్టు కూర్చుంటుంది. దాని లోపలి రెసిస్టెన్సు ఓమ్‌లో నలభయ్యో వంతు ఉంటుందేమో, అంతే. దానికి అర చదరపు మిల్లీమీటరు వైరు, వెళ్లేదొక మీటరు, వచ్చేదొక మీటరు కలిపి, చివర రెండూ అనుకోకుండా తగిలాయనుకోండి. రెండు మీటర్ల ఆ రాగి రెసిస్టెన్సు సుమారు 0.07 ఓమ్‌. 12 వోల్టుల్ని మొత్తం రెసిస్టెన్సుతో భాగిస్తే ప్రవహించేది 125 ఆంపియర్లకు పైనే. ఆ సన్న తీగలో పుట్టే వేడి కిలోవాటు దాటుతుంది. అంటే ఒక ఇస్త్రీ పెట్టె వేడంతా రెండు మీటర్ల తీగలోనే. పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. ఎన్ని సెకన్లలో పొగ వస్తుందో మీరే ఊహించుకోండి. "పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా" అన్న మాట నిజమే. కానీ మంటకి షాకుతో పని లేదు.

కాబట్టి బ్యాటరీతో ఏది కట్టినా ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి ఎంత దగ్గరైతే అంత దగ్గర పెట్టండి. డబ్బాలో సర్క్యూట్ బోర్డు పక్కన పెడితే బ్యాటరీ నుంచి బోర్డు దాకా ఉన్న తీగకి దిక్కెవరు? రేటింగు కూడా ఆ తీగని బట్టే. 0.2 మిల్లీమీటర్ల పోగులు ఏడు కలిపిన సన్నపాటి హుకప్ వైరు ఉంటుంది చూడండి, దాన్ని తయారీదారులు ఒకటిన్నర ఆంపియర్ల లోపుకే సిఫారసు చేస్తారు. ఆ వైరుకి ఐదు ఆంపియర్ల ఫ్యూజు పెడితే, ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, వైరే ఫ్యూజవుతుంది.

ఈ తీగ మందానికీ అది కరిగే కరెంటుకీ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. 1880లలో బ్రిటిష్ తపాలా శాఖలో టెలిగ్రాఫు ఇంజనీరుగా ఉన్న విలియం ప్రీస్ రకరకాల తీగలు కాల్చి చూసి ఒక సూత్రం ఇచ్చాడు. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకోండి. దాన్ని దాని వర్గమూలంతో గుణించండి. రాగి అయితే వచ్చినదాన్ని 80తో గుణించండి. గాలిలో ఉన్న తీగ ఇంచుమించు ఆ కరెంటుకి కరుగుతుంది. 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు సుమారు ఏడు ఆంపియర్లకి, అర మిల్లీమీటరు తీగ ఇరవై ఎనిమిదికి. అందుకే ఇంటి కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో 5 ఆంపియర్లకి 0.2 మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్లకి అర మిల్లీమీటరు తీగ అని పాత పట్టికల్లో ఉంటుంది. రేటింగుకీ కరిగే కరెంటుకీ మధ్య అంత ఎడం ఉందన్నమాట.

మరి మన ఇళ్లలో జరిగేదేమిటి? ఫ్యూజు పోతుంది. ఫ్లెక్సిబుల్ వైరు ముక్క ఒకటి వెతికి, తొడుగు ఒలిచి, పోగులు లాగుతారు. ఒక్క పోగు వేస్తే "మళ్లీ పోతుందేమో" అని రెండు, అదీ చాలదని మూడు మెలిపెడతారు. మన 23/76, 40/76 వైర్లలో ఒక్కో పోగు 0.19 మిల్లీమీటర్లు. ఒకటి ఏడు ఆంపియర్ల దగ్గర కరిగితే, మూడు మెలిపెట్టినప్పుడు ఇరవై దాకా రావచ్చు. గోడలోని వైరింగు అంత తట్టుకుంటుందో లేదో ఎవరూ అడగరు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే ఘనులు మరో తెగ. వాళ్ల గురించి మాట్లాడి సమయం పాడుచేసుకోను.

పల్లెల సంగతి ఒక్క మాట. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయిందని, లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే దిమ్మె ఎక్కడం, ప్రాణం పోవడం మన పత్రికల్లో ప్రతి సీజన్‌లోనూ చదువుతూనే ఉన్నాం. అక్కడ ఉన్నది 11 వేల వోల్టులు. ఇంట్లో సర్క్యూట్లు కట్టి చేయి తిరిగినవాడికి ఊళ్లో ‘కరెంటు పని తెలిసినవాడు’ అన్న పేరు వస్తుంది, పిలుపూ వస్తుంది. వెళ్లకండి.

ఇక టోపీ మీది రాతకి వద్దాం. ముందు ఆ అంకె. 1ఎ అంటే ఒక ఆంపియరు దాటగానే పోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మనకి దొరికే 20 మిల్లీమీటర్ల చిన్న ఫ్యూజులకి ఐఈసీ 60127 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఒక ఆంపియరు ఫ్యూజులో ఒకటిన్నర ఆంపియర్లు పంపితే కనీసం గంటసేపు అది పోకూడదు. 2.1 ఆంపియర్లు పంపితే, త్వరగా పోయే రకం కూడా అరగంట లోపు పోతే చాలు. మీ పవర్ సప్లయ్ ఓవర్‌లోడు రెట్టింపు అయినా అరగంట దాకా ఫ్యూజు చూస్తూ ఊరుకోవచ్చు, అదీ ప్రమాణానికి లోబడే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అమెరికాలో యూఎల్ 248-14 అనే వేరే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అదే ఒక ఆంపియరు ఫ్యూజు 1.35 ఆంపియర్లకే గంటలోపు పోవాలి. ఐఈసీ ఫ్యూజు 1.5 దగ్గర గంటసేపు నిలబడి తీరాలంటే, అమెరికన్ ఫ్యూజు అంతకంటే తక్కువకే గంటలో పోయి తీరాలి. రెండింటి మీదా అంకె మాత్రం ఒకటే. అందుకే అమెరికన్ సర్క్యూట్ పుస్తకాల్లో "ఫ్యూజు రేటింగులో 75 శాతానికి మించి నడపకండి" అని ఉంటుంది. ఐఈసీ ఫ్యూజుని దాదాపు పూర్తి రేటింగు దాకా నడపొచ్చు. పాత అమెరికన్ పరికరంలో ఉన్నది తీసి మన దగ్గర దొరికింది అంకె చూసి పెట్టేశామంటే, మనకి తెలియకుండానే కాపలా సడలించినట్టు.

అంకెల గురించే ఇంకో ముచ్చట. పాత టీవీలు విప్పినవాళ్లందరూ 3.15 ఆంపియర్ల ఫ్యూజు చూసే ఉంటారు. మూడు కాదు, మూడున్నర కాదు, ఈ 3.15 ఏమిటి? ఇది ఫ్రెంచి సైన్యంలో ఛార్లెస్ రెనార్డ్ అనే ఇంజనీరు పుణ్యం. 1870లలో ఆయన యుద్ధ బెలూన్ల పని చూసేవాడు. వాటిని కట్టే మోకులు 425 రకాల మందాల్లో ఉండేవట. ప్రతి సైజూ ముందుదానికంటే ఒకే నిష్పత్తిలో పెరిగేలా అమర్చి వాటిని 17కి కుదించాడు. ఆ పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఒకటి నుంచి పది దాకా పది సమ నిష్పత్తి మెట్లు: 1, 1.25, 1.6, 2, 2.5, 3.15, 4, 5, 6.3, 8, 10. మన ఫ్యూజుల పెట్టెలో ఉండేవి సరిగ్గా ఇవే. మీ లెక్కలో 2.8 వచ్చిందా, 3.15 తీసుకోండి. మధ్యలో వెతికినా దొరకదు.

అంకెకి ముందున్న అక్షరం ఎఫ్ అయితే త్వరగా పోయేది, టి అయితే కాస్త ఓపిక పట్టేది. ఎఫ్‌ఎఫ్, ఎం, టిటి కూడా ఉన్నాయి గానీ మన కొట్లలో అరుదు. ఎఫ్, టి తేడా పెద్ద కరెంటు దగ్గర తెలుస్తుంది. రేటింగుకు పదింతలు పంపితే ఎఫ్ ఫ్యూజు 20 మిల్లీసెకన్లలోపు పోవాలి. టి ఫ్యూజుకి 300 మిల్లీసెకన్ల దాకా గడువుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని మెయిన్స్‌కి కలిపిన మొదటి క్షణంలో మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దాని వెనక ఖాళీగా ఉన్న పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ ఉంటే సరేసరి. ఎఫ్ ఫ్యూజు పెడితే స్విచ్ వేసినప్పుడల్లా పోతూ ఉంటుంది, మీరు విసుగుపుట్టి రేటింగు పెంచుకుంటూ పోతారు. చెయ్యాల్సింది అంకె పెంచడం కాదు, అక్షరం మార్చడం. టి ఫ్యూజులు కొన్నిటిలో తీగ మధ్య చిన్న తగరపు బొట్టు కనిపిస్తుంది. తీగ వేడెక్కితే ఆ తగరం కరిగి తీగలోని లోహాన్ని తనలో కలుపుకుని, దాని సహజ కరుగుడు స్థానం కంటే ఎంతో తక్కువలోనే తెగేలా చేస్తుంది. 1939లో మెట్‌కాఫ్ అనే ఆయన దీన్ని వివరించాడు. ఆయన పేరు మీదే దీన్ని ఎం-ఎఫెక్ట్ అంటారు. అందుకే గాజు ఫ్యూజు టోపీకి నేరుగా టంకం వేయకండి. ఆ వేడికి లోపలి సంగతులు మారిపోతాయి. కాళ్లున్న ఫ్యూజులు వేరే దొరుకుతాయి. లేదంటే హోల్డర్ వాడండి.

ఇప్పుడు ఎల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా దృష్టిలో మన అభిరుచివాళ్లు పూర్తిగా వదిలేసిన అక్షరం ఇదే.

ఫ్యూజు తీగ కరగడంతో పని అయిపోదు. తెగిన చోట నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ గుండా కరెంటు ఇంకా పారుతూనే ఉంటుంది. ఆ రవ్వ ఆరిపోయినప్పుడే ఫ్యూజు నిజంగా పోయినట్టు. ఎంత పెద్ద కరెంటుని ఫ్యూజు పగలకుండా, మంట బయటికి రాకుండా ఆపగలదో చెప్పేదే ఈ అక్షరం. ఎల్ అంటే 35 ఆంపియర్లు, లేదా రేటింగుకి పది రెట్లు, ఏది ఎక్కువైతే అది. హెచ్ అంటే 1500 ఆంపియర్లు. నడిమధ్యన ఇ అని ఒకటుంది, 150.

ఇప్పుడు మీ ఇంటి సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిస్తే ఎంత పారుతుందో చూడండి. పోల్ నుంచి మీ గది దాకా తీగల రెసిస్టెన్సు ఒక ఓమ్ అనుకున్నా 230 ఆంపియర్లు. అర ఓమ్ అయితే 460. ఎల్ రకం ఒక ఆంపియరు ఫ్యూజు హామీ ఇచ్చేది 35కే. మెయిన్స్ వైపు గట్టి షార్ట్ జరిగితే ఆ గాజు గొట్టం నల్లబడి, ఒక్కోసారి పేలి, లోపలి లోహపు ఆవిరి హోల్డర్ గోడలకి పూత పూస్తుంది. చాలాసార్లు బోర్డులోని ఎమ్‌సీబీ కూడా అదే క్షణంలో పడి మనల్ని గట్టెక్కిస్తుంది. అది అదృష్టం, డిజైను కాదు. మెయిన్స్ లోపలికి వచ్చే చోట హెచ్ రకం పెట్టండి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గొట్టం గాజు కాకుండా తెల్లటి పింగాణీ, లోపల సాధారణంగా సన్న ఇసుక ఉంటుంది. రవ్వ పుట్టగానే ఆ ఇసుక దాని వేడిని పీల్చి, గాజులా కరిగి, రవ్వని ఆర్పేస్తుంది. కొలత అదే 5 బై 20, హోల్డర్ కూడా అదే. ధర కొంచెం ఎక్కువ. లోపల తీగ కనిపించదు కాబట్టి పోయిందో లేదో మీటరుతో చూసుకోవాలి. అంతే తేడా. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక, తక్కువ వోల్టేజి వైపు, గాజుదే చాలు.

చివరిది 250వి. ఇది ఏసీ లెక్క. మన ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది. ఆ సున్నా దగ్గర రవ్వ తనంతట తానే ఆరే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. అందుకే 250 వోల్టుల ఏసీ ఫ్యూజు డీసీలో అంత వోల్టేజి ఆపలేకపోవచ్చు. తయారీదారు డీసీ అంకె విడిగా ఇస్తాడు, సాధారణంగా చాలా తక్కువ. 12, 24 వోల్టులతో మామూలు ప్రాజెక్టుల్లో ఇబ్బంది లేదు. కానీ సోలార్ పలకల్ని సిరీస్‌లో కలిపి వంద దాటిస్తున్నవాళ్లు, ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలు కట్టేవాళ్లు డీసీ అంకె చూడకుండా ఫ్యూజు పెట్టకండి. 12 వోల్టుల పనులకి కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు చక్కగా పనికొస్తాయి. చవక, 32 వోల్టుల డీసీకి తయారైనవి, రంగు చూస్తే చాలు: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

రవ్వ సంగతి వచ్చింది కాబట్టి మల్టీమీటర్ గురించి చెప్పక తప్పదు. మనందరి మొదటి మీటరు ఆ పసుపుపచ్చ చవక మీటరే. దాని 10 ఆంపియర్ల సాకెట్ పక్కన ఇంగ్లీషులో చిన్నగా ‘అన్‌ఫ్యూజ్డ్’ అని అచ్చువేసి ఉంటుంది, చూశారా? అంటే ఆ సాకెట్‌కి ఫ్యూజే లేదు. ఎర్ర ప్రోబు అందులో మరిచిపోయి మెయిన్స్ వోల్టేజి కొలవబోతే, మీరు చేతులతో పట్టుకుని ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపినట్టే. ప్రోబు కొన ఆవిరవుతుంది. మంచి కంపెనీల మీటర్లలో ఉండే ఫ్యూజు వేలెడు పొడవు, 1000 వోల్టులది, పది వేల ఆంపియర్ల పైన ఆపగలది, ఖరీదు మన చవక మీటరు కంటే ఎక్కువ. అది పోయినప్పుడు "ఇంత డబ్బా?" అని గాజు ఫ్యూజు పెట్టేస్తారు కొందరు. మీటరు పనిచేస్తుంది, దాని మీద అచ్చేసిన భద్రతా రేటింగు మాత్రం ఇక అబద్ధం. నా సలహా సూటిగా చెబుతాను: చవక మీటరుతో మెయిన్స్ కరెంటు ఎప్పుడూ కొలవకండి. కొలవాల్సి వస్తే క్లాంపు మీటరు తెచ్చుకోండి.

ఇప్పుడు ఒక మామూలు పవర్ సప్లయ్ కడదాం. 12-0-12, ఒక ఆంపియరు ట్రాన్స్‌ఫార్మర్. 24 వోల్టుల్ని ఒక ఆంపియరుతో గుణిస్తే 24 వోల్ట్-ఆంపియర్లు. 230తో భాగిస్తే 0.1 ఆంపియరు చిల్లర. నష్టాలు కలిపి 0.13 అనుకోండి. ప్రైమరీకి టి 200 మిల్లీఆంపియర్లు, హెచ్ రకం. ఇది ట్రాన్స్‌ఫార్మర్ లోపల షార్ట్ అయితే కాపాడుతుంది. సెకండరీలో రెట్టింపు లాగినా ప్రైమరీలో పారేది 0.2 దగ్గరే కాబట్టి ఈ ఫ్యూజు చెక్కు చెదరదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మాడిపోతుంది. అందుకే సెకండరీకి వేరే ఫ్యూజు కావాలి. ఇంకో మెలిక ఉంది. సెకండరీ చుట్ట రెండు చివర్లకి బ్రిడ్జ్ రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్ పెట్టినప్పుడు కరెంటు పొట్టి పొట్టి పల్సులుగా పారుతుంది. అందువల్ల ఒక ఆంపియరు చుట్ట నుంచి సుఖంగా తీసుకోగలిగే డీసీ 0.6 ఆంపియర్ల దగ్గరే. "ఒక ఆంపియరు ట్రాన్స్‌ఫార్మరే కదా, ఒక ఆంపియరు లాగుతున్నాను, ఎందుకు మాడుతోంది?" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే.

ప్రైమరీ ఫ్యూజు ఫేజు తీగలోనే ఉండాలి, స్విచ్ కంటే ముందు. న్యూట్రల్‌లో పెడితే, ఫ్యూజు పోయాక పరికరం చచ్చినట్టు కనిపిస్తుంది, లోపల అంతా 230 వోల్టులతో బతికే ఉంటుంది. మన రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది కాబట్టి ఫేజు ఏదో నికరం చేయడానికి మూడు పిన్నుల ప్లగ్గు వాడండి, లోహపు డబ్బాని ఎర్తుకి కలపండి. డబ్బాకి బిగించే గుండ్రటి హోల్డర్‌కి రెండు టెర్మినల్స్ ఉంటాయి: లోపల కొనన ఒకటి, పక్కన ఒకటి. ఫేజు ఎప్పుడూ లోపలి కొనకి. అప్పుడు మూత విప్పుతూ ఫ్యూజు లాగేటప్పుడు మీ వేలు తగిలే చోట ఫేజు ఉండదు. మూత తీసేముందు ప్లగ్గు పీకడం మాత్రం మానకండి.

బ్యాటరీ తిరగేసి పెడతామన్న భయం ఉంటే, ఫ్యూజు తర్వాత పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య 1ఎన్5408 లాంటి మూడు ఆంపియర్ల డయోడు తిరగేసి కలపండి. తిరగేసి పెట్టగానే డయోడు షార్ట్ చేస్తుంది, ఒక ఆంపియరు ఫ్యూజు పోతుంది, బోర్డు బతుకుతుంది. ఫ్యూజుని ఇలా మరో భాగంతో జత చేస్తేనే అది ఎలక్ట్రానిక్స్‌ని కాపాడగలదు. ఒంటరిగా వదిలేస్తే ట్రాన్సిస్టర్ మైక్రోసెకన్లలో పోతుంది, ఫ్యూజుకి మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యూజుని కాపాడటానికి ట్రాన్సిస్టర్ ముందుగా ప్రాణత్యాగం చేస్తుందని రిపేరు బల్లల దగ్గర నవ్వుకునే మాట ఉత్తదేం కాదు.

ఇక మనిషి సంగతి. 230 వోల్టులు ఒంట్లోంచి పోతే కరెంటు ఒక ఆంపియరులో పదో వంతు అటూ ఇటూ. అది గుండెని ఆపడానికి చాలా ఎక్కువ, మీ అర ఆంపియరు ఫ్యూజుకి మాత్రం లెక్కలోకే రాదు. మనిషిని కాపాడే పని 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీది. ఇంటికి అది లేకపోతే, కనీసం మీ పని బల్ల సాకెట్‌కైనా ఒకటి పెట్టించుకోండి.

కొత్తగా కట్టినదాన్నీ, బాగుచేసినదాన్నీ మొదటిసారి మెయిన్స్‌కి కలిపేటప్పుడు మన రేడియో మెకానిక్కులు ఒకప్పుడు వాడిన సిరీస్ బల్బుని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఫేజు తీగలో వరసగా 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు. అన్నీ సరిగ్గా ఉంటే అది ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతుంది. 100 వాట్ల బల్బు ఉంటే ఎంత ఘోరమైన షార్ట్ అయినా 0.43 ఆంపియర్లకి మించి పారదు, ఫ్యూజులు వృథా కావు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఉంది కదా అని లోపల చెయ్యి పెట్టకండి, షాకు మామూలుగానే కొడుతుంది.

పోయిన ఫ్యూజుని పారేసే ముందు వెలుతురులో పట్టి చూడండి. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో చిన్న ఖాళీ ఉంటే, ఓవర్‌లోడు నిదానంగా జరిగింది, లేదా ఫ్యూజు అలసిపోయింది. అప్పుడు అదే రకం కొత్తది ఒకసారి పెట్టి చూడొచ్చు. గాజు నల్లగానో, అద్దం పూసినట్టుగానో మారితే గట్టి షార్ట్. మొబైల్ చార్జర్, టీవీ, కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్‌లో అలా కనిపిస్తే ఫ్యూజు మార్చి లాభం లేదు. మోస్‌ఫెట్టో, బ్రిడ్జ్ డయోడో ముందే పోయి ఉంటుంది. విప్పిన ఎస్‌ఎమ్‌పీఎస్‌లో పెద్ద కెపాసిటర్ మీద ప్లగ్గు పీకాక కూడా 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. పది కిలో ఓమ్‌ల ఐదు వాట్ల రెసిస్టర్‌ని, తొడుగున్న పటకారుతో పట్టుకుని కొన్ని సెకన్లు ఆనించి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరత్వం వద్దు.

తనంతట తాను మళ్లీ కలుసుకునే పాలీఫ్యూజు కూడా మీకు పరిచయమే. ఆర్డ్యునో యూనో బోర్డులో యూఎస్‌బీ దగ్గర 500 మిల్లీఆంపియర్లది ఒకటుంది. దాని అంకె కూడా మోసగిస్తుంది. 500 దాకా నిలబడుతుంది, పోవాలంటే ఇంచుమించు రెట్టింపు కావాలి, మధ్యలో ఏం చేస్తుందో దాని ఇష్టం. ఒకసారి పోయి కోలుకున్నాక రెసిస్టెన్సు పూర్తిగా పాత స్థితికి రాదు. పైగా వేడికి ఇది మహా సున్నితం. రేటింగు 20, 25 డిగ్రీల దగ్గర ఇచ్చింది. రెంటచింతల ఎండలో, మూసిన డబ్బాలో, రెగ్యులేటర్ హీట్‌సింకు పక్కన పెట్టి "ఊరికే పోతోంది" అంటే అది దాని తప్పు కాదు. మెయిన్స్‌కి మాత్రం దీన్ని అసలు వాడకండి.

కొనేటప్పుడు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా, నాలుగు ముక్కలూ కలిపి అడగండి: "టి, 200 మిల్లీ, హెచ్, 250 వోల్టులు." టోపీ మీద ఏమీ రాయని ఫ్యూజు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. రాసినవాటి మీదా అనుమానముంటే, కరెంటు లిమిటు ఉన్న బెంచ్ సప్లయ్‌తో ఒక్కదాన్ని బలివ్వండి. ఒక ఆంపియరు ఫ్యూజుకి 5 వోల్టులు పెట్టి, లిమిటు 2.75 ఆంపియర్ల దగ్గర ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని వదలండి. ఎఫ్ అయితే రెండు సెకన్లలోపు, టి అయితే పది సెకన్లలోపు పోవాలి. అరనిమిషం గడిచినా తీగ అలాగే ఉంటే, ఆ ప్యాకెట్టు మొత్తం కొట్టతనికి తిరిగిచ్చేయండి.